టీవీలో వీడియో ఆగి ఆగి వస్తోందా? తప్పు ఎక్కడుందో ముందు పట్టుకోండి

స్ట్రీమింగ్ స్టిక్కో చిన్న బాక్సో టీవీకి తగిలించుకున్నవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ తప్పదు. సినిమా మంచి పట్టు మీదున్నప్పుడే బొమ్మ ఆగుతుంది, కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. వెంటనే రౌటర్ ఆపి ఆన్ చేస్తాం. దాంతో మారకపోతే నెట్ ప్లాన్ పెంచుతాం, అప్పటికీ మారకపోతే పరికరమే పాతబడిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేస్తాం. డబ్బు ఖర్చు పెట్టేముందు దయచేసి ఒక్క పని చేయండి. వీడియో అసలు ఎలా ఆగుతోందో చూడండి. నెట్ అందక ఆగే తీరు వేరు, పరికరం మోయలేక తడబడే తీరు వేరు, ఆ రెండూ బాగానే ఉండి టీవీతో లెక్క కుదరక వచ్చే కుదుపు వేరు. మూడింటికీ మందులు వేరు, ఒకదాని మందు ఇంకోదానికి అస్సలు పనిచేయదు.

ఏదీ ముట్టుకోకుండా కాసేపు చూడండి

తెర మధ్యలో గుండ్రంగా చక్రం తిరుగుతూ, బొమ్మా మాటా రెండూ కలిసి ఆగిపోతుంటే అది బఫరింగ్. డేటా టైముకి రావట్లేదు. ఆగే ముందు బొమ్మ మసకబారి, తర్వాత తేటపడుతుంటే కూడా ఇదే, స్పీడు పడిపోయిందని యాప్ తనంతట తనే క్వాలిటీ తగ్గించి నెట్టుకొస్తోంది.

చక్రం కనబడదు, మాటలు చక్కగా వినబడుతున్నాయి, బొమ్మ మాత్రం గెంతుతూ వెళ్తోంది, లేదా పెదాలు ఒకచోట మాట ఇంకోచోట ఉంటున్నాయి. ఇలా ఉంటే దాదాపుగా పరికరం మీదే అనుమానం పెట్టుకోవచ్చు. ఫ్రేములు, అంటే వీడియోలోని ఒక్కొక్క బొమ్మా, అందుతున్నాయి కానీ వాటిని విప్పి చూపించే ఓపిక దానికి లేక కొన్నిటిని వదిలేస్తోంది.

ఇక మూడోది చాలామంది గుర్తుపట్టలేనిది. మనుషులు కూర్చుని మాట్లాడుకునే సీన్లలో అంతా బాగుంటుంది, కెమెరా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మెల్లగా తిరిగినప్పుడు, లేదా ఆఖర్న పేర్లు పైకి వెళ్తున్నప్పుడు సన్నగా టకటకమని కుదుపు వస్తుంది. ప్రతిసారీ ఒకే లయలో వస్తుంది. ఇది రిఫ్రెష్ రేట్ గొడవ, అంటే టీవీ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క (హెర్ట్జ్‌లో చెప్తారు), నెట్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

తెర మొత్తం ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంటే, చుక్కలు చుక్కలుగా మెరుపులు కనబడుతుంటే అది హెచ్‌డీఎంఐ కేబుల్ పని. కేబుల్ మార్చి చూడండి, 4కే హెచ్‌డీఆర్ 60 హెర్ట్జ్‌లో పంపుతుంటే 18 జీబీపీఎస్ తట్టుకునేది ఉండాలి. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

తేల్చుకోలేకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. ఆగిన చోటు నుంచి పది సెకన్లు వెనక్కి వెళ్లి మళ్లీ ప్లే చేయండి. ఈసారి అదే చోట సాఫీగా వెళ్లిపోతే అది నెట్ తెచ్చిన తంటా అయి ఉండొచ్చు, ఎందుకంటే ఆ ముక్క ఇప్పటికే వచ్చి మెమరీలో కూర్చుంది. సరిగ్గా అదే చోట మళ్లీ తడబడితే ఆ సీన్ ఆ పరికరానికి బరువైందన్నమాట, లేదా ఆ ఫైల్లోనే లోపం ఉంది.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే టీవీలో యూట్యూబ్ యాప్ తెరిచి, ఏదైనా 4కే వీడియో పెట్టి, ప్లేయర్ సెట్టింగ్స్‌లో 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' ఆన్ చేయండి. తెర మీద ఒక పెట్టె వస్తుంది. అందులో మనకి కావలసినవి రెండే. 'బఫర్ హెల్త్' అంటే ముందుగా ఎన్ని సెకన్ల వీడియో తెచ్చి పెట్టుకుందో ఆ లెక్క. అది 30, 22, 13, 5 అంటూ జారుతూ వచ్చి సున్నా దగ్గరికి చేరగానే చక్రం తిరిగిందంటే ఇక వాదన అక్కర్లేదు, నెట్ సమస్యే. రెండోది 'డ్రాప్డ్ ఫ్రేమ్స్'. బఫర్ నిండుగానే ఉండి, ఈ అంకె మాత్రం ఆగకుండా పెరుగుతూ పోతుంటే పరికరం చేతులెత్తేస్తోందని అర్థం. వీడియో మొదలైనప్పుడు, వెనక్కీ ముందుకీ జరిపినప్పుడు నాలుగైదు ఫ్రేములు పోవడం మామూలే, దాన్ని పట్టించుకోవద్దు. రెండు అంకెలూ కుదురుగా ఉండి కుదుపు మాత్రం కనబడుతుంటే మీది మూడో రకం, కింద రిఫ్రెష్ రేట్ గురించి రాసిన చోటికి వెళ్లిపోండి.

నెట్ అయితే

ముందుగా, ఎంత స్పీడు కావాలి? నెట్‌ఫ్లిక్స్ 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉంటే చాలంటుంది, యూట్యూబ్ 4కేకి 20 అడుగుతుంది. అంతే. ఇంటికి 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి కూడా టీవీలో ఆగుతోందంటే, ప్లాన్ 300కి పెంచితే ఏమీ మారదు, ఎందుకంటే అడ్డంకి చాలాసార్లు ఇంటి బయట ఉండదు, రౌటర్‌కీ టీవీకీ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలో ఉంటుంది.

అందుకే స్పీడ్ టెస్ట్ ఫోన్‌లో చేయొద్దు. ఫోన్ యాంటెనా వేరు, మీరు పట్టుకుని నిలబడ్డ చోటు వేరు. ఆ స్టిక్ మీదే, అది ఎక్కడ తగిలించి ఉందో అక్కడే పెట్టి చేయండి. ఆ పరికరంలోని నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోనే టెస్ట్ ఉండొచ్చు, లేకపోతే బ్రౌజర్ వేసుకుని ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. అది నెట్‌ఫ్లిక్స్ వాళ్లదే, వాళ్ల సర్వర్ల నుంచి మీ పరికరం దాకా ఎంత వస్తోందో చూపిస్తుంది. ఒక్కసారి చేసి వదిలేయకండి, పొద్దున ఒకసారి, రాత్రి అందరూ టీవీల ముందు కూర్చునే వేళలో ఒకసారి చేయండి. స్టిక్‌లో పొద్దున 80 వచ్చి రాత్రి 6 వస్తే, అప్పుడు రౌటర్‌కి కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌లో కూడా రాత్రిపూట చూడండి. అక్కడా 6 వస్తే తప్పు సర్వీస్ ఇచ్చేవాళ్లది, ఆ అంకెలు, టైములు రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయండి. వైఫైలో తీసిన అంకెలు చూపిస్తే 'మీ వైఫై ప్రాబ్లం' అని ఒక్క మాటతో తేల్చేస్తారు, కేబుల్‌తో తీసినవైతే అలా అనలేరు.

కేబుల్‌లో బాగా వచ్చి స్టిక్‌లో మాత్రం రాకపోతే అది ఇంటి వైఫై పనే. ఇక్కడ చేయాల్సినవి ఖర్చు లేనివి చాలా ఉన్నాయి.

స్టిక్ టీవీ వెనక, గోడకీ టీవీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. టీవీ లోపలి రేకు, సర్క్యూట్లు అన్నీ సిగ్నల్‌కి అడ్డం, పైగా హెచ్‌డీఎంఐ పోర్టు దగ్గర రేడియో అలజడి కూడా ఉంటుంది. కొన్ని స్టిక్‌లతో పాటు జానెడు హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ ముక్క ఒకటి వస్తుంది, చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు. దాన్ని తీసి తగిలించి స్టిక్‌ని టీవీ అంచు బయటికి వచ్చేలా పెట్టండి. అంత చిన్న ముక్క ఏం చేస్తుందిలే అనుకోవద్దు, సిగ్నల్‌లో తేడా అక్కడికక్కడే కనబడొచ్చు, నేను ఎవరికైనా మొట్టమొదట చెప్పేది ఇదే.

తర్వాత బ్యాండ్, అంటే వైఫై ఏ తరంగాల మీద నడుస్తోందో చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది, కానీ చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అదే దారిలో నడుస్తాయి. వంటింట్లో ఓవెన్ ఆన్ చేసినప్పుడల్లా సినిమా ఆగుతుంటే అది యాదృచ్ఛికం కాదు, ఓవెన్ పనిచేసేది కూడా సుమారు 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. టీవీ, రౌటర్ ఒకే గదిలోనో పక్కపక్క గదుల్లోనో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. కొన్ని రౌటర్లు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఏది ఇవ్వాలో తామే తేల్చుకుంటాయి, స్టిక్ మాత్రం ఒకసారి 2.4కి అతుక్కుందంటే వదలదు. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, స్టిక్‌లో 5 పేరున్నదానికే కలిపి, రెండోదాన్ని 'ఫర్గెట్' చేసేయండి. గోడలు ఎక్కువై 2.4 తప్ప గతి లేకపోతే కనీసం రౌటర్ సెట్టింగ్స్‌లో వైఫై ఛానెల్ 1, 6, 11ల్లో ఏది ఖాళీగా ఉందో చూసి దానిలో పెట్టండి, ఒకదాని మీద ఒకటి పడనివి ఆ మూడే.

యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్‌ని స్టిక్ పక్కనో, రౌటర్ వెనకో పెట్టినవాళ్లు దాన్ని కాస్త దూరం జరపండి. యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే అలజడి సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుందని 2012లోనే ఇంటెల్ ఒక పత్రం విడుదల చేసి మరీ చూపించింది.

ఇంకొకటి, ఎక్కువమందికి తట్టనిది. డౌన్‌లోడ్ బ్రహ్మాండంగా ఉంటుంది, అయినా రాత్రి ఒక వేళకి వీడియో ఆగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టగానే రోజంతా తీసిన ఫొటోలూ వీడియోలూ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెడుతుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది, ఎందుకంటే వీడియో ముక్క కావాలని అడిగే విన్నపం, ముక్క అందిందని చెప్పే కబురు కూడా ఆ అప్‌లోడ్ దారిలోనే పోవాలి. బ్యాకప్ అర్ధరాత్రి తర్వాత జరిగేలా పెట్టుకోండి, లేదా రౌటర్‌లో 'క్యూఓఎస్' (ఏ పనికి ఎంత నెట్ ఇవ్వాలో పంచే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్‌కి హద్దు పెట్టండి.

వీటన్నిటికంటే గట్టి మందు మాత్రం కేబులే. బాక్సుకి ఈథర్‌నెట్ పోర్టు ఉంటే, లేదా స్టిక్‌కి అడాప్టర్ దొరికితే, ఒక్కసారి కేబుల్ లాగేస్తే వైఫై గొడవలన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. పర్మనెంట్‌గా వద్దనుకున్నా, పరీక్ష కోసమైనా పొడుగు కేబుల్ ఒక్క సాయంత్రం నేల మీద పరిచి చూడండి. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, చాలా పరికరాల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్ రకమే. ఓటీటీ యాప్‌లకి అది ఎక్కువే, కానీ సొంత ఫైళ్లు చూసేవాళ్లకి ఎక్కడ తగులుతుందో కింద చెప్తాను. సిగ్నల్ పెంచుతామని అమ్మే చవక రిపీటర్లతో మాత్రం జాగ్రత్త. ఒకే రేడియోతో వినడం, తిరిగి పంపడం రెండూ చేసే రకమైతే స్పీడు సగానికి సగం పడిపోతుంది, సిగ్నల్ గీతలు నిండుగా కనబడతాయి, వీడియో మాత్రం ఆగుతూనే ఉంటుంది.

పరికరమే తడబడుతుంటే

మొదట కరెంటు చూడండి. స్టిక్‌ని టీవీ వెనకున్న యూఎస్‌బీ పోర్టు నుంచి నడుపుతున్నారా? మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లు. 4కే ఆడించే స్టిక్‌కి అది చాలదు. మెనూల్లో తిరుగుతున్నంతసేపు బాగానే ఉంటుంది, బరువైన సీన్ రాగానే తడబడుతుంది, ఒక్కోసారి దానంతట అదే రీస్టార్ట్ కూడా అవుతుంది. దానితో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గుకి పెట్టండి, కేబుల్ కూడా దానితో వచ్చినదే వాడండి.

తర్వాత వేడి. గంట సేపు బాగా ఆడి, ఆ తర్వాతే గెంతడం మొదలైతే, కాసేపు ఆపితే మళ్లీ బాగైతే, వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటోందని అనుకోవచ్చు. మూసేసిన క్యాబినెట్‌లోంచి, సెట్‌టాప్ బాక్స్ మీద నుంచి తీసి గాలి తగిలే చోట పెట్టండి. పైన చెప్పిన ఎక్స్‌టెండర్ ముక్క ఇక్కడ కూడా పనికొస్తుంది.

స్టోరేజ్ కూడా చూసుకోండి. ఈ స్టిక్‌లలో చాలావాటికి మొత్తం 8 జీబీయే, అందులో సిస్టమ్ పోగా మిగిలేది కొంచెం. వాడని యాప్‌లు, గేమ్‌లు తీసేయండి, ఎక్కువగా వాడే యాప్‌ల క్యాష్ క్లియర్ చేయండి. 'క్లియర్ డేటా' మాత్రం నొక్కొద్దు, లాగిన్ పోయి రిమోట్‌తో పాస్‌వర్డ్ అంతా మళ్లీ కొట్టుకోవాల్సి వస్తుంది.

ఇంకా, టీవీ ఆపినంత మాత్రాన స్టిక్ ఆగదు, నిద్రలోకి వెళ్తుందంతే. వారాల తరబడి అలాగే ఉంటుంది. సెట్టింగ్స్‌లోంచి రీస్టార్ట్ చేయండి, ఫైర్ టీవీ అయితే రిమోట్‌లో సెలెక్ట్, ప్లే బటన్లు రెండూ కలిపి సుమారు ఐదు సెకన్లు నొక్కి పట్టుకున్నా చాలు. రీస్టార్ట్‌తో బాగై, మూడు నాలుగు రోజులకి మళ్లీ మొదలైతే ఏదో ఒక యాప్ వెనకాల మెమరీ తినేస్తోందన్నమాట, ఈమధ్య కొత్తగా వేసినదాని నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తీసి చూడండి.

సొంత సర్వర్, సొంత ఫైళ్లు ఉన్నవాళ్లకి

సొంత ఫైళ్లని టీవీలో చూపించే ప్లెక్స్, జెల్లీఫిన్, కోడి లాంటి యాప్‌లు వాడేవాళ్ల కష్టాలు వేరు. ఇక్కడ మొదటి ప్రశ్న ఒక్కటే, ఫైల్ ఉన్నది ఉన్నట్టుగా వెళ్తోందా, లేక దారిలో మారుతోందా? సర్వర్ డాష్‌బోర్డ్ తెరిస్తే ఆడుతున్న వీడియో పక్కన 'డైరెక్ట్ ప్లే' అనో 'ట్రాన్స్‌కోడ్' అనో కనబడుతుంది. ట్రాన్స్‌కోడ్ అని ఉంటే సర్వర్ ఆ ఫైల్‌ని అప్పటికప్పుడు వేరే రూపంలోకి మారుస్తోంది. చిన్న నాస్ బాక్సుకీ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్క్ పెట్టె), పాత ల్యాప్‌టాప్‌కీ హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించిన 4కే వీడియోని మార్చడం శక్తికి మించిన పని.

ఎందుకు మారుస్తోందో చూస్తే కారణాలు కొన్నే తగులుతాయి. యాప్‌లో క్వాలిటీ 'ఆటో' మీదో తక్కువ మీదో ఉండటం ఒకటి, దాన్ని 'ఒరిజినల్'కి మార్చండి. రెండోది సబ్‌టైటిల్స్. బ్లూ-రే నుంచి వచ్చే పీజీఎస్ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. పరికరం వాటిని చూపించలేకపోతే సర్వర్ ఆ బొమ్మల్ని ప్రతి ఫ్రేమ్ మీదా అచ్చేసి పంపాలి, అంటే మొత్తం వీడియోనే మళ్లీ తయారు చేయాలి. సబ్‌టైటిల్స్ ఆపగానే వీడియో సాఫీగా వెళ్తే దొంగ దొరికినట్టే, అదే సినిమాకి అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైల్ సంపాదించి పెట్టుకోండి. ఆడియో కూడా ఒక్కోసారి కారణమే, కానీ దాన్ని మార్చడం సర్వర్‌కి పెద్ద బరువు కాదు.

డైరెక్ట్ ప్లే అవుతూ కూడా గెంతుతుంటే కోడెక్, అంటే వీడియోని ఏ పద్ధతిలో కుదించారో చూడండి. 10 బిట్ హెచ్.264 ఫైళ్లని, ముఖ్యంగా పాత ఆనిమే ఫైళ్లని, ఎక్కువ స్టిక్‌లు హార్డ్‌వేర్‌తో విప్పలేవు, అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. పాత పరికరాలకి ఏవీ1 అనే కొత్త కోడెక్‌తో కూడా ఇదే తంటా. ఒకే సినిమా హెచ్‌ఈవీసీలో దొరికితే అది వాడుకోవడమే మేలు.

ఇందాక 100 ఎంబీపీఎస్ పోర్టు గురించి చెప్తానన్నాను కదా. డిస్క్ నుంచి ఏమీ కుదించకుండా తీసిన 4కే ఫైలు సగటున 60, 70 ఎంబీపీఎస్ ఉన్నా, పొగ, వర్షం, పేలుళ్లు ఉన్న సీన్లలో 100 దాటేస్తుంది. అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేకి పై హద్దే 128. సినిమా అంతా బాగుండి సరిగ్గా అలాంటి సీన్లలోనే ఆగుతుంటే ఇదే కారణం కావొచ్చు. ఇలాంటి ఫైళ్లకి మాత్రం మంచి 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆ కేబుల్ కంటే మెరుగ్గా పనిచేస్తుంది. పైన కేబులే గట్టి మందని చెప్పినదానికి ఉన్న మినహాయింపు ఇదొక్కటే.

ఆ సన్నటి కుదుపు

నన్నడిగితే, అందరూ తప్పకుండా సరిచేసుకోవాల్సింది ఇదే. ఒక్క స్విచ్ నొక్కితే పోయేదాన్ని ఏళ్ల తరబడి భరిస్తూ 'నెట్ బాలేదు' అనుకుంటున్నవాళ్లు చాలామంది.

సినిమాలు సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు. మీ పరికరం టీవీకి సెకనుకి 60 సార్లు బొమ్మ పంపుతుంటుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర వస్తుంది, కానీ ఒక ఫ్రేమ్‌ని రెండున్నర సార్లు చూపించడం కుదరదు. అందుకని ఒక ఫ్రేమ్‌ని మూడుసార్లు, తర్వాతదాన్ని రెండుసార్లు, మళ్లీ మూడు, మళ్లీ రెండు, ఇలా సర్దుతుంది. అంటే ఒక బొమ్మ తెర మీద 50 మిల్లీ సెకన్లు ఉంటే పక్క బొమ్మ 33 మిల్లీ సెకన్లే ఉంటుంది. కుంటి నడకలా ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. కెమెరా మెల్లగా తిరిగినప్పుడు కంటికి తగిలేది ఆ తేడాయే. 25 ఫ్రేముల్లో తీసిన టీవీ కార్యక్రమాలైతే ఇంకా వికారంగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ వరస రెండు, రెండు, మూడు, రెండు, మూడు.

దీనికి మందు, వీడియోని బట్టి టీవీ రిఫ్రెష్ రేట్ మారేలా చేయడం. ఆపిల్ టీవీలో 'వీడియో అండ్ ఆడియో' కింద 'మ్యాచ్ కంటెంట్'లో 'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' ఉంటుంది. ఫైర్ టీవీలో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్', కొత్త ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీల్లో 'మ్యాచ్ కంటెంట్ ఫ్రేమ్ రేట్', రోకులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 'ఆటో అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్'. చాలా పరికరాల్లో ఇది ఆఫ్‌లోనే వస్తుంది, ఆన్ చేయండి. వీడియో మొదలైనప్పుడు, ఆపినప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది, టీవీ మోడ్ మార్చుకుంటోందంతే, టెన్షన్ పడొద్దు. అన్ని యాప్‌లూ ఈ సెట్టింగ్‌కి లొంగవు, ఆ యాప్‌లో చూసేటప్పుడు చేత్తోనే అవుట్‌పుట్‌ని 24 హెర్ట్జ్‌కి మార్చుకోవచ్చు. అయితే మెనూలు కాస్త బరువుగా కదులుతాయి.

ఇది ఆన్ చేశాక కూడా అంతా సాఫీగా సాగుతూ, సుమారు 42 సెకన్లకి ఒకసారి చిన్న తడబాటు కనబడితే, దానికీ లెక్క ఉంది. సినిమాల అసలు వేగం చాలాసార్లు 24 కాదు, 23.976. టీవీ కచ్చితంగా 24లో నడుస్తుంటే ఆ చిన్న తేడా కూడుతూ కూడుతూ 42 సెకన్లలో ఒక ఫ్రేమ్ అవుతుంది, అప్పుడు ఒక బొమ్మ రెండుసార్లు వస్తుంది. రిఫ్రెష్ రేట్ జాబితాలో 23.976 విడిగా ఉంటే అదే ఎంచుకోండి.

ఓఎల్‌ఈడీ టీవీల్లో మాత్రం లెక్క అంతా సరిపోయినా కెమెరా తిరిగే సీన్లు కొంచెం ఆగి ఆగి కదిలినట్టే ఉంటాయి. ఆ తెరలో బొమ్మ మరీ వేగంగా మారిపోతుంది, ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి మధ్య కంటిని మభ్యపెట్టే మసక ఉండదు. అక్కడ టీవీలోని మోషన్ సెట్టింగ్ పనికొస్తుంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అంటారు. పూర్తిగా పెంచితే సినిమా కాస్తా సీరియల్‌లా కనబడుతుంది కాబట్టి కస్టమ్‌లోకి వెళ్లి జడ్డర్ (ఈ ఆగి ఆగి కదిలే కుదుపు) తగ్గించేదాన్ని రెండు, మూడు దగ్గర ఆపండి. టీవీ గేమ్ మోడ్‌లో ఉంటే ఈ సెట్టింగులు పనిచేయకపోవచ్చు, అది ఆన్‌లో ఉండిపోయిందేమో చూసుకోండి.

ఇన్ని చేసినా లొంగకపోతే

ఒక యాప్‌లోనే వస్తోందా, అన్నిట్లోనా అని చూడండి. ఒక్క యాప్‌లోనే అయితే దాన్ని తీసేసి మళ్లీ వేయండి, అప్‌డేట్ వచ్చిన రోజు నుంచే మొదలైతే వాళ్లు సరిచేసేదాకా ఆ యాప్‌ని వీలైతే టీవీలోనే నేరుగా తెరిచి చూడండి. వీపీఎన్ నడుస్తుంటే ఆపి చూడండి. ఫ్యాక్టరీ రీసెట్ చిట్టచివరి పని, అది కూడా అన్ని యాప్‌లలోనూ ఫ్రేములు పోతున్నప్పుడే. వైఫై సమస్యకి రీసెట్ చేసి గంటసేపు లాగిన్లు కొట్టుకోవడం దండగ.

ఏది మార్చినా ఒక్కసారికి ఒక్కటే మార్చి, ప్రతిసారీ అదే వీడియో, అదే సీన్ పెట్టి చూడండి. నాలుగూ ఒకేసారి మారిస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

రీసెట్ చేశాక కూడా 4కేలో ఫ్రేములు పోతూనే ఉంటే, కొత్తది కొనే ముందు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ని 1080పీకి దించి చూడండి. చాలా యాప్‌లు అప్పుడు 1080పీ వీడియోనే తెప్పించుకుంటాయి, పాత ప్రాసెసర్‌కి బరువు బాగా తగ్గుతుంది. ఆ మాత్రానికే సాఫీగా నడుస్తుంటే, మీరు కూర్చునే దూరం నుంచి తేడా మీ కంటికి ఆనుతోందో లేదో రెండు మూడు సినిమాలు చూసి అప్పుడు నిర్ణయించుకోండి.